జైలు తెలిసినవాళ్ళు రాసిన ఆర్టికల్ 22

1908లో బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ అనే పత్రిక వచ్చేది. దాని సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. తిరునెల్వేలిలో పోలీసులు జనం మీద కాల్పులు జరిపినప్పుడు, తెల్ల ప్రభుత్వాన్ని క్రూరమైన పులితో పోలుస్తూ ఆ పత్రికలో ఒక వ్యాసం అచ్చయింది. ఆ ఒక్క వ్యాసానికి రాజద్రోహం కేసు పెట్టారు, మూడేళ్ళు జైల్లో ఉంచారు. తర్వాతి కాలంలో కృష్ణా, గుంటూరు జిల్లాల్లో జైలు చూడని జాతీయోద్యమ నాయకుణ్ణి వెతుక్కోవాల్సిందే. చీరాల-పేరాల పోరాటం నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య జైలుకెళ్ళారు. పల్నాడులో పుల్లరి (అడవిలో పశువుల మేతకు వేసే పన్ను) వ్యతిరేక ఉద్యమం రోజుల్లో గుంటూరు వకీలు ఉన్నవ లక్ష్మీనారాయణ వెళ్ళారు. ఆయన జైల్లో రాసిన నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

ఈ తరంవాళ్ళే, వీళ్ళ సహచరులే 1946లో రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో ఆర్టికల్ 22 ఉంది. ఏ నేరమూ రుజువు కాకుండానే, అసలు విచారణే లేకుండానే, ముందుజాగ్రత్త పేరుతో మనిషిని నిర్బంధించవచ్చని అది చెబుతుంది. ఆ నిర్బంధం సబబా కాదా అని చూసే సలహా బోర్డు ముందు మూడు నెలల వరకు పెట్టాల్సిన అవసరం కూడా లేదు. ఇది ఏదో మారుమూల షెడ్యూల్లో లేదు, ప్రాథమిక హక్కుల అధ్యాయంలోనే ఉంది.

విజయవాడలో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ఈ భాగం చెప్పినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది: “సార్, జైల్లో పెడితే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళే ఇది ఎలా రాశారు?” చాలా మంచి ప్రశ్న. ‘కుర్చీ ఎక్కగానే మారిపోయారు’ అనేది ఒక తేలిక జవాబు. ‘దేశ పరిస్థితి అలాంటిది’ అనేది ఇంకో తేలిక జవాబు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది కానీ వాటితో సరిపెట్టుకుంటే అసలు విషయం చేజారిపోతుంది. ఆ సభలో ఉన్నవాళ్ళందరూ స్వేచ్ఛ కావాలన్నవాళ్ళే. అయితే ఆ స్వేచ్ఛను ఎవరు మింగేస్తారన్న దాని దగ్గరే వాళ్ళు విడిపోయారు. ఒకరికి పోలీసు భయం, ఒకరికి జమీందారు భయం. ఒకరికి ఊరి పెద్దలంటే భయం, ఇంకొకరికి దేశం ముక్కలవుతుందని భయం. ఎవరి మాటనైనా సరే, వాళ్ళ భయమేమిటో కనుక్కుని చదివితే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ముందుగా ‘డ్యూ ప్రాసెస్’ సంగతి. ఒక మనిషి ప్రాణాన్నో స్వేచ్ఛనో ప్రభుత్వం తీసుకోవాలంటే న్యాయమైన ప్రక్రియ ఉండాలని అమెరికా రాజ్యాంగం చెబుతుంది. ఆ ప్రక్రియ న్యాయమైనదో కాదో తేల్చేది కోర్టు. మన రాజ్యాంగానికీ మొదట ఇదే అనుకున్నారు. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్ళి అక్కడి సుప్రీంకోర్టు జడ్జి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. ఎన్నికైన సభ చేసిన చట్టాలను కొట్టేసే ఇంత అధికారం జడ్జిల చేతిలో పెట్టొద్దని ఆయన సలహా ఇచ్చారు. ఆ మాటకు వెనక ఆ దేశం పడ్డ అనుభవం ఉంది. బేకరీ కార్మికుల పని రోజుకు పది గంటలు మించకూడదని న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేస్తే, అది యజమాని, కార్మికుల ఒప్పంద స్వేచ్ఛకు భంగమంటూ 1905లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే స్వేచ్ఛ పేరుతోనే కూలివాడికి రక్షణ లేకుండా చేసింది.

ముసాయిదా సంఘంలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన మనిషి, మద్రాసులో పేరుమోసిన లాయరు. ఆయన భయమూ అదే. సామాజిక చట్టాలకు జడ్జిల సొంత అభిప్రాయాలు అడ్డుపడతాయన్నారు. మన ప్రాంతానికి అన్వయించుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. జమీందారీలను రద్దు చేస్తూ మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చింది 1948లో. చల్లపల్లి, నూజివీడు లాంటి ఎస్టేట్ల కింద నలిగిన రైతుకు ఆ చట్టమే విముక్తి. జమీందారు దగ్గర పెద్ద లాయర్లను పెట్టుకునే డబ్బుంది. ‘న్యాయమైన ప్రక్రియ’ అనే ఆయుధం ముందుగా అతని చేతికే అందుతుంది కదా అన్న ఆలోచన తప్పని నేననను.

రెండో పక్క కె.ఎం. మున్షీ, ఠాకూర్‌దాస్ భార్గవ లాంటి సభ్యులు గట్టిగా నిలబడ్డారు. చట్టసభ చేసిందల్లా చట్టమే అయితే, చట్టసభే అన్యాయం చేసిన రోజున మనిషికి దిక్కెవరని అడిగారు. 1948 డిసెంబరులో జవాబిచ్చిన అంబేద్కర్ ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టుగా మాట్లాడారు. పార్టీ మనుషులతో నిండిన చట్టసభ హక్కులను తొక్కేయవచ్చు. అలాగని ఐదారుగురు జడ్జిలు గదిలో కూర్చుని ఏది మంచి చట్టమో తేల్చేస్తారన్న నమ్మకమూ లేదు. ఆయన రెండు వాదనలూ సభ ముందు పెట్టి నిర్ణయాన్ని సభకే వదిలేశారు. సభ ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ అన్న మాటకు ఓటేసింది. నేటి ఆర్టికల్ 21 అదే. పద్ధతి ఉంటే చాలు, అది న్యాయంగా ఉందా అని అడిగే హక్కు అప్పటికి పోయినట్టే.

ఆ లోటు అంబేద్కర్‌కు తెలుసు. పార్లమెంటుకు ఎవరినైనా పట్టుకుపోయే అధికారం రాసిచ్చేశామని బయట జనం అనుకుంటున్నారని ఆయనే సభలో ఒప్పుకున్నారు. దానికి పరిహారంగా 1949 సెప్టెంబరులో కొత్త అధికరణం తెచ్చారు. అరెస్టయినవారికి కారణం చెప్పాలి, లాయరును పెట్టుకోనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇవాళ ఏ పోలీస్ స్టేషన్ ముందైనా సామాన్యుడు ధైర్యంగా అడగగలిగే ఈ ప్రశ్నలకు రాజ్యాంగ బలం అక్కడి నుంచి వచ్చిందే. ముందస్తు నిర్బంధానికి హద్దులు పెట్టిందీ అదే అధికరణం. పిల్లలు అడిగే ఆర్టికల్ 22 అంటే ఇదే. నిర్బంధాన్ని కొత్తగా కనిపెట్టడానికి దాన్ని రాయలేదు, అప్పటికే చట్టాల్లో పాతుకుపోయిన నిర్బంధానికి పగ్గం వేయడానికి రాశారు. పగ్గం వదులుగా వేశారన్నది నిజం. పైగా ఆ అధికారానికి రాజ్యాంగం ముద్ర కూడా పడింది.

ఈ చర్చలో సభ్యుడు మహావీర్ త్యాగి అన్న మాట చదివితే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ముసాయిదా సంఘం సభ్యులకు జైలు అనుభవం ఉంటే బాగుండేదన్నారాయన. ఇకమీదట ఆ అనుభవం సంపాదించుకుంటానులెండి అని అంబేద్కర్ జవాబిచ్చారు. బ్రిటిష్‌వాళ్ళు మీకు ఆ అవకాశం ఇవ్వకపోయినా, మీ చేతులతో మీరు రాస్తున్న రాజ్యాంగమే ఇస్తుందని త్యాగి హెచ్చరించారు. అంతకు రెండేళ్ళ ముందే, 1947 ఏప్రిల్లో, బెంగాల్ కమ్యూనిస్టు సోమనాథ్ లాహిరి ఇంకా ఘాటుగా అన్నారు: ఈ హక్కుల్లో చాలావాటిని పోలీసు కానిస్టేబుల్ చూపుతో రాశారని.

ఆ రోజుల్లో ఢిల్లీ ఎలా ఉందో కూడా తలచుకోవాలి. విభజన, శరణార్థులు, కశ్మీర్ యుద్ధం, 1948 జనవరి 30న గాంధీజీ హత్య. ముందస్తు నిర్బంధ బిల్లును 1950లో పార్లమెంటులో పెడుతూ, దీని కోసం నిద్రలేని రాత్రులు గడిపానని పటేల్ చెప్పుకున్నారు. దాన్ని నటన అనడానికి నాకు మనసొప్పదు. అయితే మన జిల్లాలు ఎలా ఉన్నాయో కూడా తలచుకోవాలి. మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టులను ఇలాంటి చట్టాల కిందే జైళ్ళలో నింపింది. కృష్ణా జిల్లా కాటూరు, యలమర్రుల్లో 1949లో మలబారు పోలీసులు గ్రామస్తులను బట్టలూడదీసి అవమానించారు. ఢిల్లీలో హక్కుల మీద ఒక్కొక్క పదం తూచి చర్చిస్తున్న ఏడాదే అది.

కొత్త రాజ్యాంగానికి మొదటి పరీక్షలు కూడా మద్రాసు రాష్ట్రం నుంచే వచ్చాయి, అప్పటికి మనం ఆ రాష్ట్రంలోనే ఉన్నాం. బొంబాయిలో అచ్చయ్యే ‘క్రాస్ రోడ్స్’ పత్రికను మద్రాసు ప్రభుత్వం తన రాష్ట్రంలోకి రానివ్వలేదు. అంటే అక్కడ చదువుకోదగ్గ పత్రిక బెజవాడలో నేరం. సంపాదకుడు రొమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకెళ్తే 1950 మేలో ఆ నిషేధాన్ని కొట్టేశారు. అదే నెలలో కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ మాత్రం తన నిర్బంధం మీద వేసిన కేసు ఓడిపోయారు. చట్టంలో పద్ధతి ఉంది, అది చాలంది కోర్టు. థాపర్ తీర్పుతో చిక్కులో పడ్డ నెహ్రూ ప్రభుత్వం 1951లో మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చి, భావ ప్రకటన మీద ‘ప్రజా శాంతి’ పేరుతో ఆంక్షలు పెట్టే వీలు కల్పించుకుంది. అదే సవరణలో, ఆ ఆంక్షలు ‘సహేతుకంగా’ ఉండాలన్న షరతు కూడా చేరింది. న్యాయం, అన్యాయం తూచే పని కోర్టుకు ఇవ్వకూడదనుకున్నవాళ్ళే వెనక గుమ్మం గుండా ఇచ్చినట్టయింది. హరిసర్వోత్తమరావును జైలుకు పంపిన రాజద్రోహం సంగతి మరీ విచిత్రం. హక్కులకు పెట్టే ఆంక్షల్లో ఆ మాట ఉండకూడదని మున్షీ పట్టుబట్టి 1948లో ముసాయిదా నుంచి తీయించారు. శిక్షాస్మృతిలో 124ఏ సెక్షన్ మాత్రం అలాగే ఉండిపోయింది. 2022లో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టేదాకా నడిచింది.

ఇక్కడిదాకా ప్రభుత్వం అంటే ఉన్న భయం గురించే చెప్పాను. నా దృష్టిలో అంతకంటే లోతైన చర్చ ఊరి గురించి జరిగింది. అందులో ఒక పక్షాన నిలబడింది మన నిడుబ్రోలు మనిషి.

ఆచార్య ఎన్.జి. రంగా 1946 డిసెంబరులోనే సభలో ఒక ప్రశ్న వేశారు: ఈ దేశంలో అసలైన మైనారిటీలు ఎవరు? హిందువులు, సిక్కులు, ముస్లింలు అని లెక్కపెట్టడం కాదు, ఈ దేశపు పేదజనమే నిజమైన మైనారిటీ అన్నారు. మామూలు పౌరహక్కులను కూడా వాడుకోలేనంతగా వాళ్ళను అణగదొక్కారని, వడ్డీ వ్యాపారి, జమీందారు ముందు కాగితం మీది హక్కు పనిచేయదని, వాళ్ళకు ఆసరా కావాలని, పైకెక్కడానికి నిచ్చెన కావాలని చెప్పారు. ఈ మాటల దగ్గర రంగా, అంబేద్కర్ దాదాపు ఒకే చోట ఉన్నారు.

విడిపోయింది పంచాయతీ దగ్గర. 1948 నవంబరు 4న ముసాయిదాను సభ ముందు పెడుతూ, ఊరంటే సంకుచితత్వం, అజ్ఞానం, మతతత్వాల గూడు తప్ప ఇంకేముందని అంబేద్కర్ నిలదీశారు. ఈ గ్రామాలే భారతదేశాన్ని పాడుచేశాయన్నారు. తన ముసాయిదాలో గ్రామం యూనిట్‌గా లేదు, వ్యక్తే యూనిట్ అని సంతోషంగా ప్రకటించారు. రంగాకు మనసు నొచ్చుకుంది. దక్షిణాదిన వందల ఏళ్ళు పనిచేసిన గ్రామ పంచాయతీల చరిత్ర తెలిసుంటే అంబేద్కర్ ఈ మాట అనేవారు కాదన్నారు. అధికారమంతా ఢిల్లీలో పోగుపడితే చివరికి మిగిలేది నియంతృత్వమేనని హెచ్చరించారు. చివరికి పంచాయతీలు ఆర్టికల్ 40గా, కోర్టు అమలు చేయించలేని ఆదేశిక సూత్రాల్లో చోటు దక్కించుకున్నాయి.

రైతు కుటుంబంలో పుట్టి గుంటూరు జిల్లా పల్లెను ప్రేమించిన రంగా భయం నాకు అర్థమవుతుంది. అయినా ఈ వాదనలో నేను అంబేద్కర్ వైపే ఉంటాను. చుండూరు అప్పట్లో అదే జిల్లాలో ఉండేది. 1991 ఆగస్టు 6న ఆ ఊళ్ళో ఎనిమిది మంది దళితులను చంపారు. వాళ్ళను చంపింది ఏ ముందస్తు నిర్బంధ చట్టమూ కాదు, ఊరే. అంతకు ఆరేళ్ళ ముందు కారంచేడు. స్వేచ్ఛ అంటే సర్కారును కట్టడి చేయడమేనని చదువుకుంటే చుండూరు అర్థం కాదు. అక్కడ మనిషికి సర్కారు తోడు కావలసి వచ్చింది. బాధితుల పోరాటంతో అదే ఊళ్ళో ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను రద్దు చేసింది. రంగా అడిగిన ఆసరా, నిచ్చెన ఎంత దూరంలో ఉండిపోయాయో ఆ ఒక్క కేసు చూస్తే తెలుస్తుంది.

అంబేద్కర్ ఈ భయాన్ని మన రాష్ట్రం పుట్టేటప్పుడే మన ముందు పెట్టారన్నది చాలామందికి తెలియదు. ‘ఈ రాజ్యాంగాన్ని తగలబెట్టడానికి నేనే ముందుంటాను’ అని ఆయన అన్నారని వాట్సాప్‌లో తరచూ తిరుగుతుంది. ఎక్కడ అన్నారో, ఎందుకన్నారో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ మాట వచ్చింది 1953 సెప్టెంబరు 2న రాజ్యసభలో, ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీద చర్చలో. భాష పేరుతో రాష్ట్రం ఏర్పడితే అందులో పెద్ద కులాల చేతికే అధికారం పోతుంది, చిన్న కులాలను ఎవరు కాపాడతారు, కనీసం గవర్నరుకైనా ఆ అధికారం ఇవ్వండి అని ఆయన వాదిస్తున్నారు. నువ్వు రాసిన రాజ్యాంగమే కదా అని ఎదురు ప్రశ్న వచ్చినప్పుడు ఆ కోపం బయటపడింది. రెండేళ్ళ తర్వాత వివరణ అడిగితే, దేవుడి కోసం గుడి కట్టాం, దేవుడు రాకముందే దయ్యం చేరితే గుడిని కూల్చక ఏం చేస్తామన్నారు.

రంగా కథ అక్కడితో అయిపోలేదు. జమీందారు పోయాక రైతు ముందు మిగిలింది ప్రభుత్వం. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానం చేసినప్పుడు, రైతు చేతిలో భూమి పోతే అతని గొంతు కూడా పోతుందని రంగా తిరగబడ్డారు. ఆ ఏడాదే రాజాజీ తదితరులతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి మొదటి అధ్యక్షుడయ్యారు. 1946లో సర్కారు ఆసరా కావాలన్న మనిషి 1959లో సర్కారు దూరంగా ఉండాలన్నారు. దీన్ని మాట మార్చడమంటే నేనొప్పుకోను. రైతు మీద ఎవరి చెయ్యి బరువుగా పడితే వాళ్ళకు ఎదురు నిలిచారాయన. భూమి లేని కూలీ ఆ పార్టీ లెక్కలోకి అంతగా రాలేదన్న విమర్శ మాత్రం న్యాయమైనదే.

సరే, వచ్చిన స్వేచ్ఛను నిలబెట్టుకోవడం ఎలా? 1949 నవంబరు 25న అంబేద్కర్ చివరి ప్రసంగం దాని గురించే. రాజ్యాంగం ఎంత మంచిదైనా నడిపేవాళ్ళు చెడ్డవాళ్ళయితే చెడ్డదవుతుందన్నారు. ఎంత గొప్పవాడి పాదాల దగ్గరైనా ప్రజలు తమ స్వేచ్ఛను పెట్టకూడదన్న జాన్ స్టూవర్ట్ మిల్ హెచ్చరికను గుర్తుచేశారు. మతంలో భక్తి ముక్తికి దారి కావచ్చు, రాజకీయాల్లో భక్తి పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి అన్నారు. విజయవాడ స్వరాజ్ మైదానంలో 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల ఎత్తున ఆయన విగ్రహం ఉంది. దాన్ని చూడడానికి సాయంత్రాలు కుటుంబాలు వస్తాయి, రావాలి కూడా. అక్కడికొచ్చే ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఎవరో ఒకరు ఈ మాట కూడా చెప్పాలని నా కోరిక.

అదే ప్రసంగంలో ఒక భాగాన్ని మాత్రం జనం నోరు మూయించడానికి వాడుతుంటారు. రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు సహాయ నిరాకరణ, సత్యాగ్రహం లాంటివి అరాచకానికి వ్యాకరణం అన్నారాయన. అలంకార్ సెంటర్ దగ్గర ధర్నా చౌక్ దాటి ఊరేగింపు తీస్తామంటే చాలు, 144 సెక్షన్ (ఇప్పుడు కొత్త చట్టంలో 163), సెక్షన్ 30 అన్న మాటలు వినిపిస్తాయి. ఆ సెక్షన్ 30 ఉన్నది 1861 నాటి పోలీసు చట్టంలో. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు అంబేద్కర్ తెచ్చిన ఆర్టికల్ 19లోనే ఉంది. ‘మార్గాలు తెరిచి ఉన్నప్పుడు’ అన్న షరతును వదిలేసి ఆయన్ని ఉదహరించడం ఆయనకు అన్యాయం చేయడమే.

ఆయన ఎక్కువ నమ్మకం పెట్టుకున్నది ఆర్టికల్ 32 మీద. హక్కు పోతే నేరుగా సుప్రీంకోర్టుకెళ్ళే దారి ఇది, రాజ్యాంగానికి ఆత్మ, హృదయం ఇదేనన్నారు. ఆ దారిని వెడల్పు చేసినవాళ్ళలో గుంటూరుకు పాత పరిచయమున్న మనిషి ఒకరున్నారు. ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు 1954లో గుంటూరులో మొదలైనప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. తర్వాత ఆయన సుప్రీంకోర్టుకెళ్ళారు. పోలీసులు అర్ధరాత్రి తలుపు తట్టి నిఘా పెట్టడం మీద వచ్చిన ఖరక్ సింగ్ కేసులో, రాజ్యాంగంలో ప్రైవసీ హక్కు లేదని మెజారిటీ జడ్జిలన్నారు. వ్యక్తి స్వేచ్ఛలో అదీ భాగమేనని సుబ్బారావు వేరుగా తీర్పు రాశారు. 2017లో తొమ్మిది మంది జడ్జిల పుట్టస్వామి తీర్పు ఆయన దారినే సరైనదిగా తేల్చింది. 1967లో గోలక్‌నాథ్ కేసులో ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపు ఉండగా, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని తీర్పిచ్చింది ఆయన ధర్మాసనమే. ఆ కేసు భూపరిమితికి మించి ఉన్న భూమి గురించి వచ్చింది. అల్లాడి భయపడింది సరిగ్గా ఇలాంటిదాని గురించే.

ఎమర్జెన్సీ విషయానికొస్తే, అత్యవసర పరిస్థితిలో కోర్టుకెళ్ళే హక్కును ఆపేయవచ్చన్న అధికరణాన్ని 1949 ఆగస్టులో ఆమోదించినప్పుడు సభ్యుడు హెచ్.వి. కామత్ లేచి, ఇది సిగ్గుపడాల్సిన, బాధపడాల్సిన రోజన్నారు. జర్మనీ వైమార్ రాజ్యాంగం ఇలాంటి అధికారాలతోనే హిట్లర్‌కు తలుపు తీసిందని ఆయన వాదన. 1962 యుద్ధం రోజుల్లోనే వాడిన ఆ అధికరణాన్ని, పాతికేళ్ళు దాటాక, 1975 జూన్‌లో, మళ్ళీ వాడారు. 1976 ఏప్రిల్లో సుప్రీంకోర్టులో నలుగురు జడ్జిలు, నిర్బంధం అక్రమమైనా సరే ఎవరూ కోర్టును అడగలేరని తేల్చేశారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు.

ఆ దెబ్బ తర్వాత మరమ్మతు జరిగింది. 1978 జనవరిలో మేనకా గాంధీ కేసులో, పద్ధతి ఉంటే చాలదు, అది న్యాయంగా, సహేతుకంగా ఉండాలని కోర్టు చెప్పింది. 1948లో ఓడిపోయిన మున్షీ వాదన అలా ముప్పై ఏళ్ళకు గెలిచింది. అదే ఏడాది పార్లమెంటు చేసిన 44వ సవరణతో, ఎమర్జెన్సీలో కూడా ఆర్టికల్ 20, 21 హక్కుల కోసం కోర్టు తలుపు మూయడానికి వీల్లేకుండా పోయింది. ‘అంతర్గత అల్లర్లు’ అనే సాకు పోయి, దేశం లోపలి కారణంతో ఎమర్జెన్సీ పెట్టాలంటే ‘సాయుధ తిరుగుబాటు’ ఉండాలన్న షరతు వచ్చింది.

ఆర్టికల్ 22ను కూడా అదే సవరణలో బాగుచేశారు. సలహా బోర్డు లేకుండా ఉంచగలిగే కాలాన్ని మూడు నెలల నుంచి రెండుకు తగ్గించారు. బోర్డుకు అధ్యక్షుడిగా హైకోర్టు సిట్టింగ్ జడ్జి ఉండాలని, సభ్యులను హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సు మీదే నియమించాలని రాశారు. అది ఆ సవరణ చట్టంలో మూడో సెక్షన్. పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకమూ అయింది. అమల్లోకి తేవడానికి కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇవ్వాలి. అప్పటి నుంచి ఎన్నో పార్టీలు అధికారంలోకి వచ్చి వెళ్ళాయి, ఎవరూ ఇవ్వలేదు. మన రాష్ట్రంలో పీడీ (ముందస్తు నిర్బంధ) యాక్ట్ అని అందరూ పిలిచే 1986 చట్టం కింద మనిషిని ఏడాది వరకు లోపల ఉంచవచ్చు. ఆ నిర్బంధాలకు రాజ్యాంగం పెట్టిన హద్దు ఇప్పటికీ ఆ పాత మూడు నెలలే.